ఇందా నుంచి భీమిలి తీరానికి

ఖరగ్‌పూర్ స్టేషనుకు ఉత్తరంగా, పాత ఒరిస్సా ట్రంకు రోడ్డు వెంబడి విస్తరించిన పేట ఇందా. పట్టణానికి ఆ పేరు రావడానికి కారణమని చెప్పే ఖడ్గేశ్వరుని ఆలయం ఇక్కడే ఉంది. భీమసేనుడు హిడింబను చూచిన అడవి ఈ ప్రాంతమేనని స్థానికుల నమ్మకం. ఇక్కడికి సుమారు 760 కిలోమీటర్ల దూరాన, అదే బంగాళాఖాతపు మరొక అంచున, అదే భీముని పేరు మోస్తున్న ఊరొకటి ఉంది. అది భీమునిపట్నం, వాడుకలో భీమిలి. పురాణం సంగతి ఎట్లున్నా, ఈ రెండు ఊళ్ళ మధ్య భీముని కంటె ఎక్కువగా రాకపోకలు సాగించినవారు రైల్వే కార్మికులు.

బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టు కోస్టు రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య పూర్తయింది. తరువాత కొద్ది కాలానికే వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతిలోకి వచ్చింది. ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి కరువుకు కొందరు, కూలికి కొందరు, మేనమామ పిలిచాడని మరికొందరు బండి ఎక్కారు. వెళ్ళినవారు ఫిట్టర్లయ్యారు, ఫైర్‌మన్లయ్యారు, గ్యాంగ్‌మన్లయ్యారు. వారి పిల్లల కోసం పట్టణంలో తెలుగు బడులు వెలిశాయి. రాములవారి పందిళ్ళు లేచాయి. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ చేరాయి. 2003లో వాల్తేరు తూర్పుకోస్తా రైల్వేకు మారేవరకు, ఈ తెలుగువారికి పుట్టినూరు, పని చేసే ఊరు ఒకే రైల్వేలోని రెండు స్టేషన్లు మాత్రమే.

ఇందాలో కాపురమున్న అటువంటి కుటుంబాలలో ఒకటి 2025 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఐదుగురుగా బయలుదేరి భీమిలి తీరానికి వచ్చింది. పెద్దాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి 2010లో విశ్రాంతి తీసికొన్న వ్యక్తి. 1968లో, పద్దెనిమిదేళ్ళ వయసున, భీమిలి సమీపంలోని ఒక పల్లె విడిచి వెళ్ళాడు. వెంట భార్య, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు. కోడలు ఇందాలోనే పుట్టి పెరిగిన పిల్ల. బడిలో లెక్కలు చెబుతుంది. ఈ ప్రయాణానికి పథకం వేసింది ఆమె. పెళ్ళిళ్ళకూ చావులకూ ఆ వైపు వెళ్ళి వస్తూనే ఉన్నారు. కాని అటువంటి వేళల్లో ఊరు చూడడం ఎక్కడ కుదురుతుంది? ఈసారి శుభకార్యమేదీ లేకుండా, నడవడానికని వెళ్ళాలని ఆమె పట్టుపట్టింది.

ఆ పట్టుదలకు ఒక కారణం ఉంది. మనవరాలు తెలుగు గలగల మాట్లాడుతుంది. చదవడం మాత్రం కూడబలుక్కొని చదువుతుంది. బడిలో బెంగాలీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ. తాతగారు చెప్పే కొండలు, సముద్రం, తాటితోపులు ఆ పిల్లకు కథలుగానే మిగిలాయి. ఖరగ్‌పూర్ పిల్లలకు సముద్రమంటే దిఘా. అక్కడి తీరం పలకలాగ సమతలం, ఇసుక గట్టిది, కనుచూపు మేరలో కొండ ఉండదు. “సముద్రం పక్కన కొండ ఎట్లా ఉంటుంది తాతా? జారి నీళ్ళలో పడిపోదా?” అని ఆ పిల్ల ఒకనాడు అడిగింది. తాతగారికి డెబ్బైనాలుగేళ్ళు. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. ఎన్నేళ్ళు వింటాయో ఎవరు చెప్పగలరు?

రాత్రి ఖరగ్‌పూర్‌లో బండి ఎక్కితే మరునాటి పగటికి విశాఖ చేరవచ్చు. చిల్కా సరస్సు పక్కగా బండి పోతున్నప్పుడు నిద్ర పోకూడదు. ఒక వైపు నీరు, మరొక వైపు కొండలు. తూర్పు కనుమలు సముద్రానికి దగ్గరగా జరుగుతున్న తొలి జాడ అక్కడే తెలుస్తుంది. పలాస, శ్రీకాకుళం రోడ్డు దాటేసరికి ప్లాట్‌ఫారాల మీద పిలుపులన్నీ తెలుగులో వినిపించసాగాయి. తాతగారు అప్పటికే కిటికీ వైపు చేరి కూర్చున్నాడు.

విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న సుమారు ఇరవైనాలుగు కిలోమీటర్ల తీరం దిఘా వంటిది కాదు. కొండలు సముద్రానికి ఎదురుగా వచ్చి నిలుస్తాయి; కొన్నిచోట్ల పాదం నీటిలోనే పెడతాయి. ఇక్కడి రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైటు అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు జనుల పేరిట ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పెట్టిన పేరది. కెంపు రంగు గార్నెట్ రవ్వలు పొదిగిన ఈ రాయి ఎండకు, ఉప్పుగాలికి తుప్పు పట్టినట్లు ఎర్రబారి, పొరలుగా ఊడుతుంది. అలలు తీసిపోయిన తరువాత ఒడ్డున కనిపించే నల్లని, ఎర్రని చారలు మురికి కావు. అవి ఆ రాళ్ళ నుంచి కడిగి వచ్చిన ఇల్మనైటు, గార్నెట్ ఇసుకలు. మనవరాలు ఒక గుప్పెడు ఇసుక సీసాలో పోసికొంది. నానమ్మ పసుపు డబ్బా ఖాళీ చేసి ఇవ్వవలసి వచ్చింది.

మొదటి రోజే చిక్కు వచ్చింది.

మంగమారిపేట దగ్గర, తొట్లకొండ కిందుగా, అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఒకటి ఉంది. అక్కడ బస్సు దిగి, తోరణం చూచి, రాళ్ళ అంచు వెంబడి ఉత్తరంగా వీలయినంత దూరం నడవాలని తాతగారి కోరిక. చిన్ననాడు తల్లితో కలిసి ఎండు చేపల గంప వెంట ఆ దారిన నడిచానని ఆయన ఖరగ్‌పూర్‌లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. వారు ఒడ్డు చేరేసరికి పొద్దు బారెడెక్కింది. అప్పటికి పోటు మొదలయింది. తోరణం పాదాన నీళ్ళు వచ్చి పోతున్నాయి. అవతలి రాళ్ళు ఒక అలకు కనిపిస్తున్నాయి, మరొక అలకు మునుగుతున్నాయి.

తెప్ప పక్కన వల బాగు చేసికొంటున్న జాలరి తల ఎత్తి చూచాడు. “ఇప్పుడెళ్ళకండి బాబూ. పోటెక్కుతోంది. ఆ రాళ్ళ కాడ నాచు. కాలు నిలవదు.”

“ఇది నాకు కొత్త కాదయ్యా. మా అమ్మ చెయ్యి పట్టుకొని నూరుసార్లు నడిచిన తోవ” అన్నాడు తాతగారు.

“ఉండొచ్చు బాబూ. మీరు నడిచిన తోవ ఇప్పుడు నీళ్ళలో ఉంది.”

కొడుకు ఏదో అనబోయి ఊరుకొన్నాడు. కోడలు పిల్ల చేయి గట్టిగా పట్టుకొంది. ఆ నిమిషంలో ఎవరు ఏమన్నా పెద్దాయన ముందుకే పోయేవాడని తరువాత ఆమె చెప్పింది. ఆయన కొంతసేపు ఆ రాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఒక పెద్ద అల వచ్చి, ఆయన నడవదలచిన బండను పూర్తిగా కప్పి, నురగతో వెనక్కి జారింది. మనవరాలు లెక్కపెట్టింది: ఆ బండ మళ్ళీ బయటపడడానికి పదకొండు అంకెలు పట్టింది. “పదకొండు లెక్కపెట్టే లోపల నువ్వు దాటగలవా తాతా?” అని అడిగింది. ఆ పిల్ల పరిహాసానికి అడగలేదు. నిజంగానే తెలిసికోవాలని అడిగింది.

“లేనమ్మా” అన్నాడాయన. వెనుదిరిగాడు.

కుటుంబంతో సముద్రపుటొడ్డున నడిచేవారు అన్నిటికంటె ముందు నేర్వవలసింది ఈ ఆటుపోట్ల లెక్క. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకు ఆటుకు నడుమ ఆరుగంటల పైచిలుకు. చంద్రుని నడకను అనుసరించి ప్రతి రోజూ ఈ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికీ అమావాస్యకూ నీటిమట్టంలో హెచ్చుతగ్గులు ఎక్కువ. ఒకటిన్నర మీటరు వరకు ఉండవచ్చు. వినడానికి ఇది స్వల్పంగా తోస్తుంది. కాని కొండ పాదాన రెండు బారల ఇసుక మాత్రమే ఉన్నచోట మనిషి నడుము లోతు నీరు చేరితే దారి అనేదే ఉండదు. ఆటుకు రెండు గంటల ముందు బయలుదేరి, ఆటు వేళకు సగం దూరం చేరి, పోటు బలపడక ముందే తిరిగి రావడం జాలరుల పద్ధతి. ఆటుపోట్ల వేళలు ముందుగానే పట్టికలుగా దొరుకుతాయి. ఎగసిపడే అలలను గూర్చి హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం హెచ్చరికలు ఇస్తుంది. ఇవన్నీ చూచుకొన్నా, ఒడ్డున జాలరి కనిపిస్తే అడగడం మరువరాదు. ఈ తీరంలో స్నానానికి దిగి అలల లాగుకు కొట్టుకొనిపోయినవారు ఏటా ఉంటారు. మోకాలి లోతు దాటి పిల్లలను దింపకపోవడం మేలు.

మధ్యధరా సముద్ర తీరాన ఈ బాధ దాదాపు లేదు. ఆ సముద్రానికి ఆటుపోట్లు నామమాత్రం. చాలాచోట్ల జానెడు, మూరెడు. అందుచేతనే స్పెయిన్‌లోని కోస్తా బ్రావా వెంట, ఫ్రాన్సు తీరం వెంట, సుంకపు భటులు దొంగసరుకును కాపు కాయడానికి నడిచిన అంచుదారులు నేడు పిల్లాపాపలతో నడిచే బాటలయ్యాయి. అక్కడి ప్రమాదాలు వేరు. మార్సెయి పక్కనున్న కలాంక్ కొండల్లో వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసివేస్తారు. ఇటలీలో చింకుయే తెర్రె పల్లెల నడుమ ఉన్న ‘ప్రేమబాట’ 2012లో కొండచరియ విరిగిపడి మూతపడితే, పూర్తిగా తిరిగి తెరవడానికి 2024 దాకా పట్టింది. ఆ దేశాల్లో బాట ఉంది, గుర్తులు ఉన్నాయి, బాటను చూచుకొనేవారూ ఉన్నారు. భీమిలి తీరాన గుర్తుపెట్టిన బాట లేదు. పైగా మధ్యలో నౌకాదళపు స్థలాలు ఉన్నందున ఒడ్డు వెంట ఏకధారగా సాగడం కుదరదు. కొంత నడిచి, కొంత బస్సెక్కి, మళ్ళీ దిగి నడవాలి. నానమ్మ వంటివారికి ఇదే మంచిది. గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున, రోజుకు ఐదారు కిలోమీటర్లు మించకుండా నడిస్తే సాయంకాలం ఎవరూ ఎవరినీ విసుక్కోరు.

తీరం మూసుకొనిపోగా ఆ పూట వారు కొండ దారి పట్టారు. తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. పైదాకా రోడ్డు వేశారు, వాహనంలో పోవచ్చు. కాని వంపులు తిరుగుతూ నడిచి ఎక్కితేనే సముద్రం ఒక్కొక్క మలుపులో కొంచెం కొంచెం పెద్దదవుతూ కనిపిస్తుంది. సగం దారిలో నానమ్మ రాతి మీద కూర్చుండి పులిహోర పొట్లం విప్పింది. తాతగారు తినలేదు, నీళ్ళు మాత్రం తాగాడు. అప్పటివరకు ఆయన ఒక్క మాట కూడ మాట్లాడలేదు.

1976లో నౌకాదళం వారు ఈ కొండ మీద సర్వే జరుపుతున్నప్పుడు ఇక్కడి శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు సాగించింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల బయల్పడ్డాయి. రెండువేల సంవత్సరాల క్రితం ఇది పెద్ద హీనయాన బౌద్ధారామం. వాననీటిని పట్టి నిలపడానికి భిక్షువులు బండలో తొలిచిన తొట్లే కొండకు పేరయ్యాయి. నామఫలకం మీది అక్షరాలను మనవరాలు కూడబలుక్కొంది: “తొ... ట్ల... కొం... డ. తొట్టి అంటే మన వాకిట్లో ఉందే, అదా?” అదే. ఇందా ఇంట్లో కుళాయి వచ్చినప్పుడు నింపి పెట్టుకొనే సిమెంటు తొట్టి. ఆ పిల్లకు ఆ పేరును ఇక ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమక వెండి నాణేలు కూడ లభించాయి. మధ్యధరా తీరపు నాణెం భీమిలి కొండకు చేరిందంటే, నడుమ ఎన్ని ఓడలు, ఎన్ని చేతులు మారిందో ఊహించవచ్చు. రుతుపవనాల గాలిని ఎరిగిన వర్తకులకు ఆ దూరం అసాధ్యం కాలేదు. ఎవరో ఒక ఓడవాడు క్షేమంగా ఒడ్డు చేరి మొక్కు చెల్లించి ఉంటాడని కోడలి అభిప్రాయం. శాస్త్రజ్ఞులు ఒప్పుకొన్నా ఒప్పుకోకున్నా, ఆ కొండ మీద నిలబడి చూస్తే అట్లాగే తోస్తుంది.

అక్కడ, స్తూపం పక్కన, తాతగారు నోరు విప్పాడు. కింద కనిపిస్తున్న ఒడ్డును చేతితో చూపుతూ, తల్లి గంప ఎక్కడ దించేదో, వాన వస్తే ఏ బండ కింద నిలిచేవారో మనవరాలికి చెప్పాడు. తల్లి ఎక్కువ మాట్లాడేది కాదట. పోటు వస్తున్నప్పుడు మాత్రం “పద, పద” అనేదట. “అయితే ఆవిడ కూడా ఆగేది కదా, వెళ్ళిపోవాలని మొండికెయ్యలేదు కదా” అన్నది నానమ్మ, పొట్లాలు సర్దుతూ. ఆయన నవ్వాడు. అప్పుడు పులిహోర అడిగాడు.

మరునాడు ఎర్రమట్టి దిబ్బలు. భీమిలికి ఇవతల, సముద్రానికి ఎదురుగా, సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున పరచుకొన్న ఈ దిబ్బలను మొదటిసారి చూచినవారు మట్టి అనే అనుకొంటారు. నిజానికి ఇది ఇసుక. వేల సంవత్సరాల క్రితం, హిమయుగంలో సముద్రమట్టం తగ్గి కడలి దూరంగా జరిగినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎగురవేసి కనుమల పాదాన గుట్టలు పోసింది. కాలక్రమాన ఇసుకలోని ఖనిజాల నుంచి విడివడిన ఇనుము రేణువులకు తుప్పు పూత పూసింది. ఆ తరువాత వాననీరు దాన్ని కోసి, కోసి, మనిషి నిలువున మునిగే గండ్లుగా మలచింది. ఇటువంటి ఎర్ర ఇసుకలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రం ఉన్నాయి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ కుటుంబం చూచి వెళ్ళిన కొన్ని నెలలకు, 2025 సెప్టెంబరులో, యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడ ఇవి చేరాయి.

పిల్లలకు ఇంతకంటె మంచి ఆటస్థలం ఉండదు. పిల్లలను ఇంత కట్టడి చేయవలసిన స్థలమూ ఉండదు. గోడల వలె నిలిచిన ఆ అంచులకు లోపల పట్టు లేదు. పైకి పాకితే పిడికెడు పిడికెడుగా రాలుతుంది. కింద కూర్చుంటే ఎప్పుడు విరుగుతుందో తెలియదు. ఒక వాన కోసినదాన్ని మరొక వాన పూడ్చదు. అడుగుల దారిలోనే, గండి మధ్యలో నడవాలి. అక్కడ జీడిమామిడి చెట్లున్నాయి, తాళ్ళున్నాయి, ఒడ్డు వైపు మొగలి పొదలున్నాయి. 2024లో దిబ్బల చేరువలో సాగిన తవ్వకాలు విశాఖ ప్రజలను కలవరపెట్టాయి. ఇళ్ళ స్థలాలకు ఉన్న గిరాకీ ఇసుక దిబ్బకు ఉండదు. దిబ్బ తనకు తాను మాట్లాడుకోలేదు.

మనవరాలు ఇసుక సీసా తీసి, నిన్నటి నల్ల ఇసుక మీద ఎర్ర ఇసుక పోయబోయింది. తల్లి వద్దన్నది. “ఇక్కడిది ఇక్కడే ఉండాలి. అందరూ సీసాడు పట్టుకుపోతే ఏం మిగులుతుంది?” అన్నది. పిల్ల లెక్క వేయసాగింది: ఒక సీసా, నెలకు ఎంతమంది, సంవత్సరానికి ఎంత. లెక్కల పంతులమ్మ కూతురు కదా! చివరకు ఎర్ర ఇసుకను తిరిగి పోసి, అరచేతికి అంటిన రంగును మాత్రం భీమిలి దాకా కడుక్కోలేదు.

భీమిలిని గూర్చి చెప్పవలసినది చాలా ఉన్నా వారు చూచినది కొద్దే. పదిహేడవ శతాబ్దిలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. వారి సమాధులు ఒడ్డుకు దగ్గరలో నేటికీ నిలిచి ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. సమాధుల మీది పరభాషా రాతలు చూచి, ఇంత దూరం వచ్చి వీళ్ళు ఏం చేశారని పిల్ల అడిగింది. “బట్టల వ్యాపారం” అన్నాడు తండ్రి. “పని కోసం వచ్చారు. మనలాగే” అన్నాడు తాతగారు. నానమ్మకు ఆ పోలిక నచ్చలేదు. “మనం ఎవళ్ళ ఊరూ పుచ్చుకోలేదు” అన్నది.

మూడవ రోజు తెల్లవారకముందే, ఆటు వేళ కనుక్కొని, ఆ ఐదుగురూ మంగమారిపేటకు మళ్ళీ వెళ్ళారు. నీరు బాగా వెనక్కి పోయి ఉంది. తోరణం కింద తడి ఇసుక గట్టిగా ఉంది. చిన్న పీతలు కన్నాల్లోకి దూరుతున్నాయి. తాతగారు చెప్పిన బండ పొడిగా కాకపోయినా బయటపడి ఉంది. దానిని చుట్టి అవతలకు, మరొక రెండు వందల గజాలు వెళ్ళారు. అక్కడికి మించి రాళ్ళు నిట్రంగా ఉన్నందున ఆగిపోయారు. కోడలు చేతి గడియారం చూస్తూనే ఉంది. నానమ్మ చెప్పులు చేత పట్టుకొని నడవలేక, తిరుగుదారిలో కొడుకు చెయ్యి అందుకొంది.

ఈ సంవత్సరం బావికొండ, యారాడ చూడాలని వారి సంకల్పం. గోల్‌బజారులో నానమ్మకు గుడ్డ బూట్లు కొన్నారు. చీర మీద బూట్లేమిటని ఆమె నెల రోజులు వాటిని పెట్టెలోనే ఉంచింది. ఇప్పుడు ఉదయం ఖడ్గేశ్వరుని గుడి దాకా అవి వేసికొనే నడుస్తున్నది, గుడి వాకిట విప్పి చేత పట్టుకొంటున్నది. ఆటుపోట్ల పట్టిక తెప్పించే పని తాతగారు తన మీద వేసికొన్నాడు.